నియంత కోటు

నియంత పాట ముగియగానే, రిహార్సల్ చూడవచ్చినవాళ్లంతా ఈలలు వేశారు. నిజానికి ఈలలు పడాల్సింది తిరగబడ్డ జనం పాటకి. ఆ జనం గొంతు చించుకుంటుంటే ముందువరసలో ఒకాయన హాయిగా ఆవులించాడు.

తప్పెవరిదో నాటకానికి బట్టలు కుట్టే డిజైనర్‌కి తెలుసు. నియంతకి ఆమె కుట్టిన కోటు అలాంటిది మరి! ముదురెరుపు మఖ్మల్, భుజాల మీద జరీ తాళ్లు, అడుగు వేస్తే మోకాళ్ల దగ్గర తిరిగే అంచు. తన చేతిపని చూసి తనే మురిసిపోవడం ఆమెకిదే మొదలు. తా వలచినది రంభ అంటారు. ఇక్కడ హాలంతా వలచి కూర్చుంది.

"కొంప ముంచావమ్మా! వాణ్ణి దించడానికి నేను నాటకం రాస్తే, నువ్వు వాణ్ణి గెలిపించేట్టున్నావు. ప్రదర్శనలోగా ఆ కోటు పాడుచెయ్యి. లేదంటే నువ్వూ వద్దు, కోటూ వద్దు, అద్దె బట్టలు తెప్పిస్తా" అన్నాడు దర్శకుడు.

పుండు మీద కారం చల్లినట్టు రిహార్సల్ చూడవచ్చిన డిజైనర్ అత్తగారు అందుకుంది. "ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొత్తం గుంపులో ఆ అబ్బాయొక్కడే స్నానం చేసినట్టున్నాడు. నా ఓటు అతనికే!"

డిజైనర్ ఇంటికెళ్లి కత్తెర పట్టుకుంది గానీ, కోటు కోయలేక పక్కన పెట్టేసింది. అప్పుడు తట్టింది. తప్పు కోటుది కాదు, జనానికి తను తగిలించిన చింకిపాతలది. పోగొట్టుకోవడానికి వాళ్ల దగ్గర ఏముందని చూసేవాళ్లు జాలిపడతారు?

చింకిపాతలు అవతల పారేసి, జనానికి రంగురంగుల కొత్త బట్టలు కుట్టింది. చొక్కా చేతులు మాత్రం హుక్కులతో తగిలించింది, లాగితే ఊడొచ్చేలా.

ప్రదర్శన రోజు, ఆమె చెప్పినట్టే, ఒక్కో పాట చివరా భటులు జనంలో ఒకరి చొక్కా చెయ్యి ఊడబెరికి, నియంత కోటు అంచుకి తగిలిస్తూ పోయారు. కోటు పెరిగింది, నేల మీద పాకింది. జనం బోసి చేతులతో మిగిలారు. ఆఖరికి చిన్నపిల్ల చొక్కా చెయ్యి కూడా లాగేశారు.

ఈసారి హాల్లో ఈలా లేదు, ఆవులింతా లేదు. తెర వెనక దర్శకుడు గోళ్లు కొరుక్కుంటున్నాడు. డిజైనర్ తెర సందులోంచి హాల్లోకి తొంగిచూసింది.

అప్పుడు ముందువరసలోంచి అత్తగారు లేచింది.

"ఒరేయ్ దొంగసచ్చినోడా! మర్యాదగా ఆ పిల్ల చెయ్యి ఆ పిల్లకిచ్చెయ్యరా!"

"ఇచ్చెయ్యరా!" అని హాలు హాలంతా లేచింది. నియంత నిజంగానే బెదిరిపోయి, పాట మరిచి, వంగి హుక్కులు విప్పడం మొదలుపెట్టాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తగారి తిట్లు డిజైనర్ చాలానే విన్నది. ఆనందంతో ఏడ్చింది మాత్రం ఈ ఒక్కదానికే.