హనుమండ్లు బిళ్ల

బ్రష్షు నురగ గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోకుండా లక్ష్మీరాజం ఫోనును పైకీ కిందికీ జరుపుతున్నాడు. ముఖం చిట్లించి చూసిందే మళ్లీ చూస్తున్నాడు.

కరీంనగర్‌లో ఉద్యోగం చేసే కూతురు సృజన నిన్ననే ఆయన పేరున ఒక బ్లాగు పెట్టిచ్చింది. ఫేస్‌బుక్కులో బంతిపూల ఫోటోలు, ఇన్‌స్టాగ్రాంలో నొక్కే గుండెలు, యూట్యూబులో పాత పాటల కింద రాసే మెప్పులు, వాటికి వచ్చే జవాబులు, అన్నీ వచ్చి ఆ ఒక్క పేజీలో వరసగా పడతాయి. ఎక్కడ ఏం రాశాడో మరిచిపోతున్నానని అడిగింది ఆయనే. తీరా ఒక్కచోట పేర్చి చూస్తే తాను చేయనివి కనబడ్డాయి.

తమ్ముడు హనుమండ్లు పెట్టిన మేకపిల్ల ఫోటోకు ఎర్రటి గుండె. సొరపాదు ఫోటో కింద జాగ్రత్త చెబుతూ "పైలం తమ్మీ." ఇంకోచోట "మందులు ఏస్కున్నవా?" అన్నీ లక్ష్మీరాజం పేరు మీదే, అన్నీ తాను గనిలో డ్యూటీ చేసే వేళల్లోనే. ఆ తమ్ముడితో ఏళ్లుగా మాటల్లేవు.

"గీ పని వానిదే," అని నురగ ఉమ్మాడు. "నా పాస్‌వర్డు కొట్టేసిండు. అన్ననే కాళ్లబేరానికి వచ్చిండని ఊరంత చూపెడుతుండు."

భార్య నర్మద చాయ్ గ్లాసు అందిస్తూ, "హనుమండ్లును దవాఖానల ఏసిండ్రట. యాదవ్వ ఫోన్ చేసింది. జర మంచిర్యాల పోయొద్దాం," అంది. యాదవ్వ హనుమండ్లు భార్య.

"ఏషాలు. నన్ను రప్పియ్యనీకె."

కూతురుకు ఫోన్ చేశాడు. "ఎవడో నా పేరు మీద తిరుగుతుండు బిడ్డా."

"అన్ని పాస్‌వర్డులు మార్చు బాపూ. ఫోను లాక్ గూడ మార్చు."

మారుస్తుంటే నర్మద గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంట్ల ఉండే ఫోనుకు లాకెందుకు?" అంది. గనిలోకి ఫోను పనికిరాదు కాబట్టి దాన్ని ఎప్పటిలా ఫ్రిజ్ మీద పెట్టి ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు.

మందమర్రి గని ల్యాంపు రూములో లక్ష్మీరాజం పనే అనుమానించడం. దిగేవాడు ఇత్తడి బిళ్ల ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల పట్టుకుపోతాడు. కొక్కేనికి బిళ్ల ఉందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టే. ఎదురుగా నిలబడి "వచ్చిన్నే!" అని అరిచినా, లైటు చేతిలో పడందే లక్ష్మీరాజం నమ్మడు. కార్మికులు ఆయన్ని ఇన్‌స్పెక్టర్ సాబ్ అని ఏడిపిస్తారు. ఆయనకు అదొక గొప్ప.

ఏళ్ల కిందట తమ్ముడూ ఈ గనిలోనే పనిచేసేవాడు. ఒకనాడు బిడ్డకు ఫిట్స్ వచ్చాయని కబురు అందితే, హనుమండ్లు టోపీ లైటు తిరిగివ్వకుండానే ఇంటికి పరుగెత్తాడు. బిళ్ల చూసి గనంతా వెతికించారు. మర్నాడు పెద్దసార్ల ముందు లక్ష్మీరాజం, "లైటు అమ్ముకోను తీస్కపోయిండేమో," అన్నాడు. సొంత తమ్ముణ్ణి అంత మాట అన్నాడు. హనుమండ్లు లైటు బల్ల మీద పెట్టాడు గానీ బిళ్ల ముట్టలేదు.

"నీ తాననే ఉంచు అన్నా. నన్ను నమ్మిననాడు ఇయ్యి."

నౌకరీ వదిలి మంచిర్యాల వెళ్లిపోయాడు. ఆ బిళ్ల చివరి కొక్కేనికి అలాగే ఉంది. ఈ రోజు కూడా షిఫ్టు దిగి అందరూ తమ బిళ్లలు పట్టుకుపోయాక, లక్ష్మీరాజం దాని మీది బొగ్గుదుమ్మును బొటనవేలితో రుద్ది, కిటికీ మూసి వచ్చాడు.

ఇంటి గడప మీద నర్మద ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి.

"లాక్ తియ్యి," అంది. "గవన్ని నేనే రాసిన. నువ్వేమో మాట్లాడవు. వాడు సూసుడు మానడు. దినానికొక్క మాటన్న నీ పేరు మీద పోవాలని రాసిన. ఇయ్యాల పోలే."

ఆయన వేలు రెండుసార్లు తప్పింది. మూడోసారి పేజీ తెరుచుకుంది. ఉదయం తాను చూసిన వాటి తర్వాత రెండు కొత్తవి పడి ఉన్నాయి.

"అన్నా, ఆపరేషన్‌కు తీస్కపోతుండ్రు. పైలం అను."

"అన్నా, ఉన్నవా?"

లక్ష్మీరాజం తలెత్తి భార్యను అనుమానంగా చూశాడు. "ఇవి గూడ నువ్వే రాసినవా?"

నర్మద లేదని తలూపింది. "లోపలికి తీస్కపోయేదాక ఫోను చేతుల పట్టుకొనే ఉండెనట. వదిన మాట్లాడుతదని యాదవ్వ అంటే, అన్న రాస్తడు ఆగు అన్నడట. మల్ల లేవలే."

ఆయన గడప మీదే కూర్చున్నాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ "ఉన్న తమ్మీ" అని రాశాడు. అది వెళ్లి ఆ పేజీలో అన్నిటితో పాటు వరసలో పడింది. ఇద్దరూ మంచిర్యాల బస్సెక్కారు.

మర్నాడు ల్యాంపు రూములో ఆయన బదులు కూర్చున్న సంపత్ కొత్తవాడు. షిఫ్టు అయిపోయినా ఎవరో ఇంకా పైకి రాలేదనుకుని కిటికీ తెరిచే ఉంచాడు. చివరి కొక్కేనికి ఒక బిళ్ల, వేలు రుద్దిన మేర మెరుస్తూ, వేలాడుతూనే ఉంది.