ఎర్ర బటన్ మీద రేకు మూత

పిచ్చుక అనే పిల్ల చెయ్యి ప్రెస్సులో ఇరుక్కున్నప్పుడు నేను పక్క మిషన్ మీదే ఉన్నాను. కేక వినగానే ఒక్క అంగలో వెళ్లి, ఆమె మిషన్‌కున్న ఎర్ర బటన్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాను. చేతికి తగిలింది బటన్ కాదు, దాని మీద స్క్రూలతో బిగించిన రేకు మూత. గోళ్లతో పీకబోయాను. మెయిన్ స్విచ్చి షెడ్డు ఆ చివర ఉంది. ఎవరో అటు పరిగెత్తారు. వాళ్లు ఆపేలోపే ప్రెస్సు ఇంకోసారి దిగింది.

ఆ మూతల సంగతి మీకు చెప్పాలి. మేం తలుపులకు వేసే ఇనుప బందులు చేస్తాం. ప్రతి మిషన్‌కీ ఒక ఎర్ర బటన్ ఉంటుంది. ఏ ఒక్కటి నొక్కినా వరస మొత్తం ఆగిపోతుంది. నొక్కిన బటన్‌ని మళ్లీ పైకి లాగితే తప్ప ఏ మిషనూ కదలదు. మనుషుల ప్రాణాల కోసం పెట్టిన బటన్ అది. చీటికీ మాటికీ నొక్కి పని పాడు చేస్తున్నామని మేనేజరు అన్నిటికీ మూతలు వేయించాడు.

షెడ్డుకి ఆనుకునే ఉపాధి శిక్షణ కేంద్రం ఉంది. కార్మికుడికీ మేలు, యజమానికీ మేలు అని దాని బోర్డు మీద రాసుంటుంది. అది ఉత్త అబద్ధమని నేననను. నేనూ అక్కడే పని నేర్చుకున్నాను, ఆ పనితోనే నా పిల్లల్ని పెంచుకున్నాను. మా రోజుల్లో మొదటి పాఠం మిషన్ ఆపడం. రానురాను పాఠం తగ్గిపోయి పని పెరిగింది. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చిన మర్నాడే ప్రెస్సు ముందు కూర్చుంటున్నారు. పిచ్చుకా అలా కూర్చున్నదే. గొంతు సన్నగా ఉంటుందని మేమే ఆమెకు ఆ పేరు పెట్టాం.

మర్నాడు అందర్నీ నిలబెట్టి మేనేజరు చెప్పాడు, "ఆ అమ్మాయి మా కార్మికురాలు కాదు. శిక్షణకొచ్చిన విద్యార్థిని."

పక్కనే ఉన్న కేంద్రం పెద్ద గొంతు సవరించుకున్నాడు. "మా క్లాసులో జరిగుంటే మేం చూసుకునేవాళ్లం. జరిగింది షెడ్డులో కదా."

ఇద్దరూ భుజం భుజం తగిలేంత దగ్గరగా నిలబడి ఈ మాటలు చెప్పారు. చెయ్యి పోయిన పిల్ల మాత్రం ఎవరి మనిషీ కాకుండా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆటలాడుతూ చెయ్యి పెట్టిందని అడిగినవాళ్లకి చెప్పండి," అన్నాడు మేనేజరు. వరసలో అందరం తలలూపాం.

తర్వాత దయ తలిచారు. పిచ్చుక సీటు వాళ్ల చెల్లికిచ్చారు.

చెల్లి అక్క ఏప్రన్ కట్టుకునే వచ్చింది. దాన్ని ఎంత ఉతికినా అంచున మరక పోలేదు. అదే మిషన్, అదే స్టూలు. నేర్పాల్సింది నేను. వారం తిరిగేసరికి పై ఆఫీసరూ, వేరే ఫ్యాక్టరీల యజమానులూ కేంద్రాన్ని చూడ్డానికి వస్తున్నారట. అప్పటికి కొత్త బ్యాచ్ చేతులు చకచకా ఆడాలట.

రేకు ఎలా పెట్టాలో, పెడల్ ఎప్పుడు తొక్కాలో చెబుతున్నాను. చెల్లి చూపు నా చేతుల మీద లేదు.

"పెద్దక్కా, మా అక్క చెయ్యి ఎక్కడ పెట్టింది? ఆ చోటు చూపించు. నేను అక్కడ పెట్టను."

ఏమని చూపించను? రోజూ నేను పెట్టే చోటే అది. వరసలో అందరం పెట్టే చోటే. ఈ పిల్ల చెయ్యి కూడా నా కళ్ల ముందే పోతుందని భయం. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని ఇంకో భయం. రెండిటి మధ్యా నలిగిపోయాను.

టీ వేళ చేతులు కడుక్కునే చోట గుమిగూడాం. మాటలు బయటికి వినపడకుండా కుళాయి తిప్పి వదిలేశాం.

"ఇప్పుడు నోరెత్తితే అందరం రోడ్డున పడతాం," అన్నాడు మీసాలాయన. మా వరసలో పాతకాపు, మీసాలున్నంత ధైర్యం లేదని మేం ఏడిపిస్తుంటాం.

"ఎత్తకపోతే చేతులు తెగిపడతాయి," అన్నాను.

"నీకేం తల్లీ, నీ చెయ్యి బాగానే ఉందిగా."

"పిచ్చుకదీ మొన్నటిదాకా బాగానే ఉంది."

మిషన్లు బాగుచేసే ఫిట్టర్ బాబాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. "ఆ మూతలు బిగించింది నేనే. బిగించమన్నారు, బిగించాను."

"అయితే నువ్వే తియ్యి బాబాయ్," అంది చెల్లి.

"నేనొక్కణ్ణే తీస్తే నన్నొక్కణ్ణే పంపించేస్తారమ్మా. సాయంత్రానికి ఇంకొకడొచ్చి బిగిస్తాడు. ఎవరి మూత వాళ్లు తీయాలి."

"మాకు రాదే!"

"నేర్పుతాను. ఇది శిక్షణ కేంద్రమే కదా, మరి!"

నవ్వు వచ్చింది. అంతలో విజిల్ వినపడింది. విజిల్ అంటే మా సూపర్‌వైజరే, మెడలో అది లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. గుమ్మంలో నిలబడి మా మొహాలు ఒక్కొక్కటే చూశాడు. నీళ్లు కారుతూనే ఉన్నాయి. కుళాయి కట్టేసి వెళ్లిపోయాడు.

ఆఫీసరు వచ్చే రోజుకల్లా మూత తీయడం బాబాయ్ అందరికీ నేర్పేశాడు. ఆ రోజు భోజనాల వేళ ఆయన స్క్రూడ్రైవర్ ఏప్రన్ నుంచి ఏప్రన్‌కి మారింది. నాకు స్క్రూ గాడి దొరకనే లేదు. చెల్లి తన మూత తీసేసి నా చెయ్యి పట్టుకుని సాయం చేసింది. మీసాలాయన చెమటలు కక్కుతూ, నన్ను తిట్టుకుంటూ, తనదీ తీశాడు. మూతలు జేబుల్లో దాచుకుని కూర్చున్నాం.

పెద్దమనుషులు వచ్చారు. విజిల్ మా ముందు నుంచి నడుస్తూ ఎర్ర బటన్లు చూశాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాడు గానీ, అతిథుల ముందు ఊదలేకపోయాడు. మేనేజరు నవ్వు మొహంతో చెయ్యి ఊపాడు. మిషన్లు కదిలాయి.

చెల్లి ఒక బందు చేసింది. ఇంకోటి చేసింది. రేకు పక్కన పెట్టి, ఎర్ర బటన్ మీద అరచెయ్యి ఆనించి నొక్కింది. షెడ్డంతా ఒక్కసారి మూగబోయింది. ఆ వెంటనే నేను నొక్కాను. వరస పొడుగునా అందరూ నొక్కారు.

"కరెంటు పోయిందా?" అనడిగాడు ఆఫీసరు.

"పోలేదండీ. మేమే ఆపాం," అంది చెల్లి. అచ్చం పిచ్చుక గొంతే. "మా అక్క చెయ్యి ఈ మిషన్ మీదే పోయింది. ఆమె ఇక్కడి కార్మికురాలేనని చెప్పండి. మూతలు ఇంకెప్పుడూ వెయ్యబోమని చెప్పండి. అప్పుడే బటన్లు పైకి లాగుతాం."

ఆఫీసరు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కేంద్రం పెద్ద వైపు చూశాడు. కేంద్రం పెద్దకి చూడ్డానికి ఎవరూ మిగల్లేదు. అతిథుల్ని టీకి తీసుకుపోయారు, పోలీసుల్ని పిలిపించారు.

స్క్రూడ్రైవర్ ఫిట్టర్ బాబాయ్‌దని తేలింది. మిషన్లు పాడుచేశాడని ఆయన్ని వ్యాన్ ఎక్కించారు. కాలు లోపల పెడుతూ వెనక్కి తిరిగాడు. "పెద్దక్కా, నా టీ అక్కడే ఉండిపోయింది. చల్లారిపోకముందే ఎవరైనా తాగేయండి." నవ్వాలని చూశాడు. ఆయన పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

మర్నాడు మేం వెళ్లేసరికి షెడ్డు గుమ్మంలో లాఠీలున్నాయి. బల్ల మీద కొత్త మూతలు, స్క్రూలు గుట్టగా పోసి ఉన్నాయి. బటన్లు ఇంకా నొక్కినట్టే ఉన్నాయి, మా చేతే లాగించాలని వదిలేశారు. ఎవరి మిషన్ దగ్గర వాళ్లం నిలబడి, బటన్ మీద అరచేతులు ఆనించాం.

"బటన్లు పైకి లాగండి. ఎవరి మూత వాళ్లు బిగించండి," అన్నాడు మేనేజరు. "బిగించనివాళ్లు అటు వ్యాన్ ఎక్కండి." ముందు చెల్లి దగ్గరికి వచ్చాడు. చిన్నపిల్ల, బెదిరిపోతుందనుకున్నాడు. నిజంగానే బెదిరింది.

"మాకు బిగించడం నేర్పలేదు సార్," అంది. "తీయడం ఒక్కటే నేర్పారు."

వరస చివర ఎవరో ఫక్కున నవ్వారు. చూస్తే మీసాలాయన. "నాకూ రాదు సార్," అన్నాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లు పనిచేశాను. నాకూ రాదు."

మేనేజరు పోలీసులకి సైగ చేశాడు. ఒకడొచ్చి చెల్లి మణికట్టు పట్టుకున్నాడు. ఆమె చెయ్యి బటన్ మీద నుంచి లేవగానే నా రెండో చెయ్యి చాచి అక్కడ పెట్టాను. నన్ను లాగబోయేసరికి మీసాలాయన వచ్చి నా చేతుల మీద తన చేతులు వేశాడు. ఆయన వెనక ఇంకొకరు వచ్చారు. ఆ రోజు షెడ్డులో ఒక్క మిషన్ కూడా కదల్లేదు.