శుభలేఖ మీద బి.ఏ.

మా బాపు పేరు వైకుంఠం. మనిషికి కుళ్ళు. బయటివాళ్ళ మీదైతే సరిపెట్టుకునేవాళ్ళం, కట్టుకున్న ఆమె మీదే కుళ్ళు. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం నడుపుతూ ఆయన జన్మంతా "నేను బీకాం" అని చెప్పుకున్నాడు. నిజానికి ఫైనలియర్‌లో రెండు సబ్జెక్టులు తప్పి మళ్ళీ పరీక్ష మొహం చూడలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు.

అమ్మ యశోద నిరుడు ఓపెన్ యూనివర్సిటీలో బి.ఏ. పాసైంది. ఇంటిపని ముగించుకుని, ఆదివారాలు క్లాసులకు పోయి చదివింది. రిజల్టు వచ్చిన రోజు నేను మిఠాయి తెస్తే బాపు ముట్టలేదు, షుగరన్నాడు. ఆయనకు షుగర్ లేదు.

"డిస్టెన్స్ గూడ ఒక డిగ్రీయేనా? రెగ్యులర్ అంటే రెగ్యులరే," అన్నాడు.

"ఫెయిలైన రెగ్యులర్ కన్న గిది నయమే గద బాపూ," అన్నాను. వారం పాటు మూతి ముడుచుకుని తిరిగాడు.

ఇంతలో నా పెళ్ళి కుదిరింది. అమ్మ చీర అడగలేదు, నగ అడగలేదు. "శుభలేఖల నా పేరు పక్కన బి.ఏ. అని ఏయించు బిడ్డా. గదొక్కటే నా కోరిక," అంది. ఛత్తాబజార్‌లోని ప్రెస్సులో నేనే దగ్గరుండి వేయించాను. బాపు చెప్పినట్టే ఆయన పేరు పక్కన బీకాం కూడా పడింది.

కార్డులు ఇంటికొచ్చాక నాలుగు మూలలా పసుపు పెట్టే పని బాపు తానే అందుకున్నాడు. ఇంట్లో పుల్ల తీసి పక్కన పెట్టని మనిషి, నాకు అప్పుడే అనుమానం రావలసింది. కాసేపటికి అమ్మ ఒక కార్డు తీసి చూసింది. ఇంకోటి చూసింది. అన్నిటి మీదా ఆమె పేరు పక్కన పెద్ద పసుపు మరక. బి.ఏ. కనిపించడం లేదు.

నా ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుంది.

"పసుపు జారింది," అన్నాడు బాపు.

"అన్నిట్ల గక్కడనే జారిందా? నా పాసు గిట్ల కప్పిన్రు. మీ ఫెయిలు నేను పెండ్లైనప్పటి సంది కప్పుకుంటనే వస్తున్న. ఒక్కలకన్న చెప్పిన్నా?"

బాపు వేలు పసుపు గిన్నెలోనే ఉండిపోయింది.

మర్నాడు ఆయనే ప్రెస్సుకు పోయి కార్డులు మళ్ళీ కొట్టించుకొచ్చాడు. అమ్మ పేరు పక్కన బి.ఏ. ఉంది. బాపు పేరు పక్కన ఏమీ లేదు. పంచడానికి రమ్మంటే మాత్రం నడుం పట్టేసిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటింటికీ అమ్మా నేనూ పోయాం.