కుడి అద్దం

ఇంట్లో ఆ అమ్మాయిని అందరూ మేస్త్రి అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది తల్లి. పిల్లకు పన్నెండేళ్లప్పుడు ఒకరోజు తల్లి కళ్లజోడు చేయిజారి పడి, కుడి అద్దం ఊడి మంచం కిందికి దొర్లిపోయింది. పిల్ల పాక్కుంటూ వెళ్లి తెచ్చి, గుండ్రటి ఫ్రేములో అదిమి, కూరగాయల కత్తి మొనతో స్క్రూ బిగించింది. తల్లి పెట్టుకుని చూసి, ఎదురింటావిడను పిలిచి మరీ చూపించింది.

"ఇక షాపుకెళ్లే పనేముందండీ, మా ఇంట్లోనే మేస్త్రి ఉంటే."

ఆ మురిపెమే చివరికి మేస్త్రిని కళ్లజోళ్లు చేయడం నేర్పే కాలేజీలో చేర్పించింది. అది చూడ్డానికి తల్లి లేదు. కూతురు చేరడానికి ఏడాది ముందు మేడమెట్ల మీంచి పడింది. తుంటి విరిగి మంచం పట్టి, మూడు వారాలకు పోయింది.

రెండో ఏడాది మొదట్లో ల్యాబ్ మాస్టారు ఒక పని పెట్టారు. ఎవరింటి నుంచి వాళ్లు ఒక పాత కళ్లజోడు, దాని డాక్టరు చీటీ తేవాలి. అద్దాలను, వాటి పవరూ కోణమూ కొలిచే లెన్సోమీటరులో పెట్టి చీటీతో సరిచూడాలి. తేడా ఉంటే దిద్దాలి. మేస్త్రి తల్లి జోడు తెచ్చింది. చీటీ దాని పెట్టె అడుగునే నాలుగు మడతలై ఉంది.

ఎడమ అద్దం అచ్చు గుద్దినట్టు సరిపోయింది. కుడి అద్దం పవరూ సరిపోయింది. కానీ చీటీ ప్రకారం, కోణం చూపే చక్రం నూట ఎనభై డిగ్రీల దగ్గరున్నప్పుడు లోపలి గీతలు తేటపడాలి. అవి నూట నలభై దగ్గర తేటపడ్డాయి. మళ్లీ చూసింది. కళ్లు తుడుచుకుని మూడోసారి చూసింది.

"ఏమ్మా, దెయ్యం కనబడిందా అందులో?" అంటూ మాస్టారు వచ్చారు. తనూ చూసి, జోడును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. "అద్దం పక్కకు తిరిగి కూర్చుంది. గుండ్రటి ఫ్రేముతో ఇదే తంటా. చదరపు దాంట్లో మూలలు కుదిరితేగాని అద్దం కూర్చోదు. ఇందులో ఎటు పెట్టినా పిలవని చుట్టంలా హాయిగా కూర్చుంటుంది. అదిగో, స్క్రూ తల ఎలా గీరేశారో చూడు. ఎవడో మొనగాడు కత్తితో బిగించాడు."

పక్క బల్ల దగ్గరివాళ్లు నవ్వారు.

"ఇలాంటిది పెట్టుకుంటే ఏమవుతుందండీ?"

"తలనొప్పి. నేల ఓ పక్కకు ఒరిగినట్టుంటుంది. మెట్లయితే మరీ కష్టం. ఇంతకీ ఎవరిదమ్మా?"

"మా అమ్మదండీ."

"ఇంకా ఇదే పెట్టుకుంటోందా?"

"లేదండీ."

"బతికిపోయింది," అని ఆయన పక్క బల్లకు వెళ్లిపోయారు.

మేస్త్రికి తల్లి వారం వారం తెచ్చుకునే తలనొప్పి బిళ్లలు గుర్తొచ్చాయి. ప్రార్థన పుస్తకం చదివేటప్పుడు తల్లి కుడికన్ను మూసుకునేది. "ఒంటికన్నుతో చదివితే దేవుడు సగమే వింటాడు," అని తండ్రి వేళాకోళం ఆడేవాడు. "సగం చాలులెండి, తక్కిన సగం నా గోలే," అనేది ఆవిడ. కొత్త జోడు కొనుక్కోమంటే, "దీనికేమైందే, నువ్వు బాగుచేసిందేగా," అని నవ్వేసేది.

సాయంత్రం ఇంటికొచ్చి దేవుడి పటం ముందు నిలబడింది. ఆరేళ్లు నీ ఎదుట ఒక కన్ను మూసుకు కూర్చుందే, ఎందుకమ్మా అని అడగాలనిపించలేదా నీకు, అనుకుంది. అనుకున్నాక సిగ్గేసింది. పక్కనే కూర్చుని అన్నం తిన్నవాళ్లే అడగలేదు.

ఇక తెలుసుకోవలసింది ఒక్కటే మిగిలింది. తండ్రి వరండాలో పేపరు చూస్తున్నాడు.

"నాన్నా, అమ్మ పడ్డ రోజు కళ్లజోడు పెట్టుకుందా?"

ఆయన పేపరు దించాడు. "ఇప్పుడెందుకే అది?"

"కాలేజీ పనికి."

"లేదు. మెట్ల దగ్గర ఎప్పుడూ తీసేసేది. అదేమంటే, అలవాటండీ అనేది. ఆ రోజూ చేతిలోనే ఉంది. పడుతూ కూడా ఆ చెయ్యి పైకెత్తే పట్టుకుంది." పేపరు మడిచి పక్కన పెట్టాడు. "కమ్మీ పట్టుకోవే అని కిందనుంచి అరిచాను. పట్టుకోలేదు. జోడు మీద ఒక్క గీత పడలేదు చూడు. నువ్వు బిగించింది పగులుతుందని భయం కాబోలు, పిచ్చిది."

మెట్ల దగ్గర జోడు ఎందుకు తీసేసేదో ఆయనకు తెలియదు. తెలిస్తే ఆ చెయ్యి ఇక ఆయనకూ కనబడుతూనే ఉంటుంది. మేస్త్రి నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

మర్నాడు ల్యాబులో స్క్రూ వదులుచేసి, అద్దాన్ని నలభై డిగ్రీలు తిప్పి, మళ్లీ బిగించింది. అంతా కలిపి రెండు నిమిషాల పని. లెన్సోమీటరులో గీతలు నూట ఎనభై దగ్గర తేటగా నిలిచాయి. మాస్టారు పుస్తకంలో సంతకం పెట్టి, "శుభ్రంగా చేశావు," అన్నారు. ఆ జోడు అప్పటికి ఎవరి కళ్లకూ పనికొచ్చేది కాదు.

ఇంటికొచ్చేసరికి తండ్రి తన కళ్లజోడు చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"మేస్త్రీ, నాదీ ఓ అద్దం వదులైందే. వంటింట్లో కత్తి ఉంది, ఒక్క తిప్పు తిప్పు చాలు."

ఆయన జోడు కూడా గుండ్రటిదే.

"కత్తి వద్దు నాన్నా," అంది. రెండు చేతులూ చాచి దాన్ని అందుకుని, మెత్తటి గుడ్డలో చుట్టింది. "చీటీ ఎక్కడుందో వెతికివ్వు. రేపు కొలిచి బిగిస్తాను."

"ఒక్క స్క్రూకి ఇంత తతంగమా," అని గొణుక్కుంటూ, గోడను తడుముకుంటూ ఆయన లోపలికి నడిచాడు. ఆయన అలమర దాకా చేరేవరకు మేస్త్రి ఆ అడుగులే చూస్తూ నిలబడింది.