వేళ్ళ వైపు నుంచి

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. తను ఈ గడప తొక్కిన నాటి నుంచీ మామగారి మేజోళ్ళు అల్లుతున్నది ఎవరు? నాలుగు సూదుల మీద, పై అంచు నుంచి కిందికి, గుండ్రంగా, చేతులకేసి చూడకుండా అల్లేస్తుంది. అలాంటిది, నిన్నగాక మొన్న వచ్చిన చిన్నకోడలు, రెండు మొనల మధ్య పొడుగాటి తీగ ఉన్న సూదొకటి పట్టుకొచ్చింది. ఇదొక్కటుంటే చాలట. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి పైకి అల్లుకుంటూ పోవచ్చట.

కింది నుంచి పైకి అల్లడమేమిటని పెద్దకోడలు నిలదీసింది. ఇల్లు మాత్రం పునాది నుంచి కట్టరూ అని అత్తగారు చిన్నదాన్ని వెనకేసుకొచ్చింది. అంతటితో ఊరుకోక, ఈసారి చలికాలం మేజోళ్ళు చిన్నదాన్నే అల్లమంది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా! ఆ సూదేదో తనే నేర్చుకుని, తనే అల్లి చూపిస్తానని పెద్దకోడలు పంతం పట్టింది.

సగం కుట్లు ఈ మొన మీద, సగం ఆ మొన మీద ఉంచి, మధ్యలో తీగను పక్కకు లాగి ఒక వైపు అల్లాలి. ఆపైన తిప్పి రెండో వైపు. లాగడం మరిచిపోతే కుట్లన్నీ బిలబిలా జారిపోయాయి. సాయం చెయ్యబోయిన తోడికోడల్ని కసిరి పంపింది. ఎలాగైతేనేం, చివరికి వేళ్ళు పట్టేంత సంచి తయారైంది.

"ఇప్పుడు మామయ్యగారికి తొడిగి చూడాలక్కా. ఈ పద్ధతిలో సుఖమే అది" అంది చిన్నది, గుమ్మం అవతల నుంచే.

తను ఎరగని కాలా అది! పాత మేజోడు పక్కన పెట్టుకుంటే అదే కొలత. అయినా వంక పెట్టే వీలు ఇవ్వకూడదని విసవిసా మామగారి గదికి వెళ్ళింది.

కిటికీ దగ్గర పేపరు చదువుతున్న మామగారు కాలు కుర్చీ కిందికి లాక్కున్నారు. ఎందుకులే, బాగానే ఉంటుందన్నారు. ఆమె వినలేదు. ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, పాత మేజోడు ఊడదీసింది. బొటనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంది. దాని మొదట్లో ఎముక ఉబ్బి, తోలు ఎర్రగా ఒరుసుకుపోయింది.

ఆమెకు కోపం నషాళానికంటింది. ఏ జత ఇచ్చినా భేషుగ్గా ఉందన్న మనిషి ఈయనే కదా!

"ఇన్నేళ్ళూ బిగుతని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు ఎప్పుడూ అంతా అయ్యాకే తెచ్చేదానివమ్మా. అయిపోయినదాన్ని విప్పమని నీతో ఎవరు చెప్తారు?"

"నేనంత గయ్యాళినా, మామయ్యగారూ?"

ఆయన సగం అల్లిన మేజోడులో వేళ్ళు పెట్టి, మెల్లగా కదిపి చూసుకున్నారు.

"ఇక్కడ ఇంకాస్త వదులు చెయ్యమ్మా" అన్నారు.