మా ఆయన వేసిన ఒకటిన్నర

మా ఆయన సినిమాలకి మార్కులు వేసే ఉద్యోగం చేస్తాడు. పత్రికలో శుక్రవారం వచ్చే రివ్యూ ఆయనదే. ఏడుపు సినిమా అయితే ఐదుకి నాలుగు, అందులో ఎవరైనా పోతే నాలుగున్నర. కామెడీ అంటే చాలు, ఎవరో జేబు కొట్టేసినట్టు మొహం పెడతాడు.

మా తమ్ముడు మూడేళ్లు కిందా మీదా పడి రాసిన మొదటి సినిమా వచ్చింది. కామెడీ. ఈయన ఒకటిన్నర ఇచ్చాడు. "నవ్వించాలన్న తాపత్రయమే తప్ప నవ్వు లేదు" అని పైగా ఓ వాక్యం! జనం మాత్రం నెట్‌లో నాలుగున్నర వేశారు. హాళ్లు నిండిపోతున్నాయి. అయినా మావాడు అలిగి మా గడప తొక్కడం మానేశాడు. ఫోన్ చేస్తే, "ఊరంతా నవ్వితే ఏం లాభం అక్కా, బావ నవ్వలేదుగా" అంటాడు. ఏం రాసినా వాడు మొదట చూపించేది ఈయనకే మరి. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం ఓపిక పట్టి, ఆదివారం మ్యాట్నీకి ఈయన్ని లాక్కెళ్లాను.

"చూసిందే కదే!"

"చూశారో, కాపలా కాశారో నాకు తెలియాలి. నడవండి."

తెర మీద మొగుడు పెళ్లాంతో గొడవపడి, ఇక ఈ గడప తొక్కనంటూ బయటికొచ్చి తలుపు ధడేలున లాగేస్తాడు. చొక్కా అంచు తలుపులో ఇరుక్కుంటుంది. తలుపు కొడితే పరువు పోతుందని అక్కడే నిలబడి పేపరు చదువుకుంటాడు. వెనక సీటావిడ నవ్వలేక చచ్చిపోతూ నా భుజం పట్టేసుకుంది. పక్కకి చూస్తే ఈయన రుమాలు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నాడు.

ఇంటర్వెల్లో నిలదీశాను. "ఇప్పుడే వచ్చిందా నవ్వు, అప్పుడూ వచ్చిందా?"

రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అప్పుడూ వచ్చింది."

పొద్దున్నే వేసే ప్రివ్యూలో రివ్యూలు రాసేవాళ్లు ఏడుగురే ఉంటారట. అక్కడ ఎవరూ నవ్వరట, నవ్వినవాడు తేలికైపోతాడట. ఈయన కిసుక్కుమంటే పక్కనున్న పెద్దాయన కళ్లజోడు దించి చూశాడట. ఈయన దాన్ని దగ్గులోకి మార్చేశాడట. బావమరిది సినిమా కదా, పక్షపాతం అంటారేమోనని ఇంకో మార్కు కోసేశాడట.

"సిగ్గులేకపోతే సరి! వాడు వారం రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు" అని అక్కడే ఫోన్ కలిపి చేతిలో పెట్టాను. నేనూ చెవి ఆనించాను.

"ఒరేయ్, నేను నవ్వాన్రా. మొదటిసారే నవ్వాను. అలా రాయడానికి భయపడ్డాను."

మావాడు తిడతాడనుకున్నాను. నేనైతే కడిగిపారేసేదాన్ని.

"ఎక్కడ నవ్వావు బావా?" అన్నాడు.