మాస్టారి ఉదాహరణలు

"ఏమోయ్, 'పుట్ అవే'కి ఒకటి చెప్పు!" హాల్లోంచి భర్త కేకేశాడు.

ఆమె సింకు ముందు మోచేతుల దాకా నురగతో ఉంది. కడిగిన కంచాలు ఎక్కడివక్కడ సర్దేశానని, వెనక్కి తిరగకుండానే ఇంగ్లీషులో ఓ వాక్యం చెప్పింది. "భేష్! 'రన్ అవుట్ ఆఫ్'కి?" ఉప్పు డబ్బా ఊపి చూసి, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పింది. అది వాక్యమూ అయింది, నిజమూ అయింది. ఆయన వాక్యం రాసుకున్నాడు. ఉప్పు సంగతి పట్టించుకోలేదు.

ఆయన సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసులు చెబుతాడు. ఊళ్లో అందరికీ చిన్నమాటల మాస్టారు. ఒకటే 'పుట్', వెనక 'ఆన్' చేరితే తొడుక్కోవడం, 'ఆఫ్' చేరితే వాయిదా వెయ్యడం, 'అప్ విత్' చేరితే భరించడం. ఆ చిన్నమాటల సంగతి ఆయన వివరిస్తే ఎంత మొద్దు బుర్రకైనా ఎక్కాల్సిందే. ఎటొచ్చీ ఉదాహరణ అడిగితేనే ఆయనకు నోరు పెగలదు. మొదట్లో అన్నీ రాజులూ యుద్ధాలూ చెప్పేవాడు. సైన్యాన్ని వెనక్కి పిలిపించే అవసరం ఆ క్లాసులో ఎవరికీ లేకపోయింది. అప్పట్నుంచి ఉదాహరణలు వంటింట్లోంచి రావడం మొదలైంది. ఆమె కూడా ఇంగ్లీషు చదువుకున్నదే. "నీ చదువు వృథా పోకుండా నాకు పనికొస్తోంది, చూశావా!" అన్నాడాయన ఓసారి, మెచ్చుకోలుగానే. ఆ ఉదాహరణలన్నీ కలిపి పుస్తకం వేసినప్పుడు ముందుమాటలో గురువులకూ, అమ్మకూ, 'ఇంట్లోని ప్రశాంత వాతావరణానికీ' కృతజ్ఞతలు చెప్పాడు. ఆ వాతావరణం తనేనని తెలిసి ఆమెకు నవ్వొచ్చింది. అది రాస్తున్న రోజుల్లో అత్తగారు, "వాడంత పెద్ద పుస్తకం రాస్తుంటే ఆ గిన్నెల చప్పుడు కాస్త తగ్గించకూడదటమ్మా?" అనేది. పుస్తకం సగం ఆ చప్పుళ్లలోంచే వచ్చిందని ఆవిడకెవరు చెబుతారు?

ఉప్పు కోసం బయల్దేరి, అత్తగారి మాత్రలు కూడా తెద్దామని మందుల షాపుకెళ్లింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి చీటీ మీద ఇంటిపేరు చూసి, "మీరు మాస్టారి భార్యా మేడం? ఆ పుస్తకం చదివే నాకీ ఉద్యోగం వచ్చింది" అంది. అని, చంటిబిడ్డను కింద దింపి చీపురందుకున్నానన్న వాక్యాన్ని ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. "అది చదివిన రోజు ఏడుపొచ్చేసింది మేడం. అప్పుడు మా బాబు చంటాడు. మగవాళ్లయ్యుండి మాస్టారికి ఇదంతా ఎలా తెలిసిందండీ?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. "ఇంట్లోనే ఉంటారు కదమ్మా, చూస్తుంటారు" అనేసి మాత్రలు తీసుకుంది. బయటికొచ్చి నాలుగడుగులు వేశాక కోపం ముంచుకొచ్చింది, ఆయన మీద కాదు, అంత చప్పున అబద్ధమాడిన తన నోటి మీద. ఆ బిడ్డ తన కూతురు. ఆ చీపురు తనది. ఆ రోజు నడుం పట్టేస్తే గోడకానుకుని నిలబడింది కూడా తనే. అది చూసిన మనిషే లేడు ఆ ఇంట్లో. వండిపెట్టింది, ఉతికిపెట్టింది, చివరికి బతుకును వాక్యాలుగా విడదీసి అదీ చెప్పిపెట్టింది. ఎవరో ముక్కూమొహం తెలియని పిల్ల ఆ వాక్యం చదివి ఏడ్చిందంటే, తను చెప్పింది ఉత్త ఉదాహరణ కాదు, రచన. అది తనకే తెలియకుండా ఇన్నాళ్లు గడిచిపోయాయని దిగులేసింది. ఇంటికొచ్చేసరికి దిగులు పోయింది, ఆ సంగతి ఒక్కటే మిగిలింది. ఉప్పు డబ్బాలో పోసి మళ్లీ సింకు దగ్గర నిలబడింది.

"వచ్చావా? పబ్లిషరు కొత్త ముద్రణకి ఇంకొన్ని ఉదాహరణలు కావాలన్నాడోయ్. 'పుట్ అప్ విత్'కి ఒకటి చెప్పు, తొందరగా!"

వాక్యం వెంటనే తోచింది. చెప్పలేదు. కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చింది.

"ఈసారి అట్ట మీద నా పేరు కూడా వెయ్యమనండి. అప్పుడు చెబుతా."

ఆయన నవ్వాడు. "ఉదాహరణలకి పేరేమిటోయ్? మనలో మనకి నీదీ నాదీ ఏమిటి?"

"నిజమే. అయితే నా పేరొక్కటే వెయ్యమనండి."

ఆయన నవ్వు ఆగిపోయింది. మూలన కుర్చీలో కునుకుతున్న అత్తగారు కళ్లు తెరిచి, ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఎందుకైనా మంచిదని మళ్లీ మూసుకుంది. "సరేలే, నేనే రాసుకుంటా. అదేం బ్రహ్మవిద్యా?" అని ఆయన కలం అందుకున్నాడు. కాగితం వైపు చూశాడు, ఫ్యాను వైపు చూశాడు. రాజులెవరో గుర్తొచ్చినట్టున్నారు, ఏదో రాసి కొట్టేశాడు. ఆమె అక్కడే నిలబడింది. గొడవ పడాలని లేదు, జాలి పడాలనీ లేదు.

"ఏమీ తోచట్లేదే" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"లేవండి" అంది. ఆయన లేచాడు. ఆమె ఆ కుర్చీలో కూర్చుని, కాగితాలు తన ముందుకు జరుపుకుని, అన్నిటికంటే ముందు మొదటి పేజీలో తన పేరు రాసింది. తర్వాత తలెత్తి చూసింది.

"సింకులో ఇంకా సగం గిన్నెలున్నాయి. వెళ్లి కడగండి. నాకన్నీ అక్కడే తోచాయి."